చురుకు చెయ్యి

ఇన్నేళ్లు ఎందుకు రాయలేదంటే మొదటి కారణం సులువైనదే, నాకు అప్పట్లో అక్షరం రాదు. తల సగం నెరిసిన తరువాత, హిందీ రాష్ట్రం అంచున ఉన్న మా కొంటాలో ఆడవాళ్ల కోసం సాయంత్రపు బడి పెట్టారు. వంట పని తెముల్చుకుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి కూర్చునేవాళ్లం. అక్కడ నేర్పినవి హిందీ అక్షరాలు. మా నోటిలో ఉన్నది తెలుగు, పలక మీద ఉన్నది హిందీ. పావురం బొమ్మ చూపించి కబూతర్ అనమనేవారు, అనేవాళ్లం. నాకు సంతకం వచ్చింది. బస్సు ముందర సుక్మా అని రాసి ఉంటే అది సుక్మా బస్సని తెలిసింది. కానీ మనసులోది రాయబోతే ఒక్క ముక్క కదిలేది కాదు. హిందీలో నేను బేరం ఆడగలను, ఆఫీసులో అడిగినదానికి జవాబు చెప్పగలను. ఏడవాలన్నా తిట్టాలన్నా నాకు తెలుగే కావాలి. మా కోడలు సుజాత సరిహద్దు అవతల చింతూరు వైపు పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది. మధ్యాహ్నం మేమిద్దరం బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు, చేటలో బియ్యం పరిచి దాని మీద వేలితో ఒక్కో అక్షరం దిద్ది చూపించేది. హిందీ అక్షరాలు దండెం మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటే, ఇవి చెట్టు కింద రాలిన ఇప్పపూలలా విడివిడిగా, గుండ్రంగా ఉండేవి. పూలు ఏరినట్టే వాటినీ ఏరుకున్నాను.

రెండో కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం నాకు రాయడానికి ఏమీ కనిపించలేదు. మొన్న వేసవి చివర్లో కనిపించింది. మా మనవరాలు సంధ్య కాలేజీ కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని కంప్యూటర్ ఎంచుకుంటున్నప్పుడు నా కడుపులో మండిన మంట అది. సంధ్య హిందీలో చదివింది, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది, కానీ చదవలేదు. అందుకే ఇది ధైర్యంగా రాస్తున్నాను.

మా ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే. ముందు భాగంలో మా అబ్బాయి వీరయ్య వెల్డింగ్ దుకాణం, వెనక మేము. పొద్దున లేచింది మొదలు కాలిన ఇనుము వాసన. వాడు వెల్డింగ్ పెట్టినప్పుడల్లా ఇంట్లో బల్బు కళ్లు మూసి తెరుస్తుంది. సంధ్యకు జగదల్‌పూర్ కాలేజీలో కంప్యూటర్ చదువులో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. కాలేజీ వాళ్లు సొంత కంప్యూటర్ ఉంటే మంచిదన్నారట. ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో మరో మాట లేదు. అన్నం తింటుంటే కంప్యూటర్, చాయ్ తాగుతుంటే కంప్యూటర్. సంధ్య ఫోనులో బొమ్మలు చూపించడం, అది చేతి నుంచి చేతికి తిరగడం. దానికి జ్ఞాపకం ఎంత, తెర ఎంత, బ్యాటరీ ఎంతసేపు అని ఆ పిల్ల చెబుతుంటే, ఎప్పుడూ నోరు విప్పని మా అబ్బాయి పని ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వినేవాడు. విని విని చివరికి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"బరువెంత ఉంటది బిడ్డా?"

"నాన్నా, బరువు తక్కువుంటేనే మంచిది."

"తక్కువుంటే ఎట్ల మంచిది? గేటైనా, మంచమైనా, ఇనుము ఎంతుంటే అంత గట్టి. పైసలు పెట్టి గాలి కొంటమా?"

సుజాత పొయ్యి దగ్గర నుంచి, "మీ నాన్న కంప్యూటర్‌కు కూడా నాలుగు కాళ్లు అతికించి ఇస్తాడులేవే," అనేది. అందరూ నవ్వేవారు. నేను మూలన కూర్చుని వక్క కత్తిరించుకుంటూ నవ్వీ నవ్వనట్టు ఉండేదాన్ని. ఒక ఆడపిల్లకు ఏం కావాలో కనుక్కోవడానికి ఇంతమంది తల వంచి కూర్చోవడం నేను ఎరగను. నాకు చెప్పు కొనాలన్నా నా కాలు కొలవలేదు, మా అక్క కాలు కొలిచి తెచ్చేవారు. ఆ పిల్ల "ఇది నాకు నచ్చలేదు" అంటే ఇంకొకటి చూపిస్తున్నారు. నచ్చలేదనే మాట అంత తేలికగా ఆ నోటి నుంచి రావడం చూస్తే ఒళ్లు మండేది.

ఒకరోజు ఫోను నా దాకా వచ్చింది. "నానమ్మా, నువ్వు చెప్పు, ఏది బాగున్నది?" అని సంధ్య నవ్వుతూ అడిగింది. ఒకటి ఒళ్లో పెట్టుకుని మూసి తెరిచేది. ఇంకొకటి బల్ల మీద పెట్టేది, పెద్ద తెర, కింద పెట్టె, దానికి తీగలు.

"పెద్దదే బాగున్నది," అన్నాను.

"అది హాస్టల్‌కు తీసుకపోవుడు కాదే నానమ్మా."

"ఎందుకు తీసుకపోవుడు? హాస్టల్ల ఎవడన్న ఎత్తుకపోతడు. ఇంట్ల ఉంటే సెలవులకు వచ్చినప్పుడు చేసుకుంటవు. అది బరువుంటది, దొంగ కూడ మొయ్యలేడు."

బరువు అన్న మాట కావాలనే అన్నాను. మా అబ్బాయి తల ఎత్తాడు. "అమ్మ చెప్పేది పక్కా," అన్నాడు. "నాన్నా, నువ్వు వెల్డింగ్ పెడితే కరెంట్ పోయి దాని పని ఖతం," అని సంధ్య మొత్తుకుంటే, "దానికి వేరే లైన్ గుంజుతలే," అన్నాడు. ఆ పిల్ల నవ్వు అక్కడ ఆగిపోయింది. యంత్రం కొంటాలో, చదువు జగదల్‌పూర్‌లో. రాత్రి చేయాల్సిన పనికి పక్కమంచం పిల్లను బతిమాలుకోవాలి. అది నాకు తెలియక కాదు. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకనాడు దాని ముందు నేనూ కూర్చోవచ్చని నా లోపలి ఆశ. నాకు దక్కకపోయినా పర్లేదు, పూర్తిగా దానికే దక్కకూడదని అంతకన్నా లోపల ఇంకొకటి.

ఆ కోపంలోనే మంచం కింద ఊడుస్తుంటే చీపురు రేకు పెట్టెకు తగిలింది. అది మా అక్క భద్రమ్మది. అక్క బచేలీ ఆసుపత్రిలో నర్సుగా చేసి, అక్కడే ఉండిపోయి, కిందటేడు పోయింది. వాళ్ల అబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ, "పిన్నీ, ఇది మీ ఊరిదట కదా, పారేయలేక తెచ్చాను," అని ఆ పెట్టెను నాకు ఇచ్చి వెళ్లాడు. రంగు పోయింది. మూత మీద ఎర్ర పువ్వు సగమే మిగిలింది. తెరిస్తే లోపల ఏమీ లేదు, పాత రేకు వాసన తప్ప. ఆ ఎర్ర పువ్వును మాత్రం నేను ఎక్కడైనా గుర్తు పడతాను, ఎందుకంటే దాని మీద మొట్టమొదట కూర్చున్నది నేను.

నా చిన్నప్పుడు మేము ఎర్రబోరు వైపు పల్లెలో ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే ఊరంతా బీడీలు చుట్టే తునికాకు పనే. చీకటి విడవకముందే అమ్మా, చిన్నమ్మలూ అడవికి పోయి ఆకు కోసుకుని మూటలతో వచ్చేవారు. మేము పిల్లలం వాకిట్లో చింతచెట్టు నీడలో కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టేవాళ్లం. పచ్చి తునికాకు వాసన వేళ్లకు పట్టి, అంబలి తాగినా ఆ వగరే తగిలేది. మా నాన్న తల్లిని అవ్వ అనేవాళ్లం. ఆమె గుంజకు ఆనుకుని చుట్ట కాలుస్తూ, కళ్లు మూసుకునే ఉండేది. కట్ట చేతిలో పెడితే బొటనవేలితో అంచు ఒకసారి మీటి, ఆకు తక్కువైందని చెప్పేసేది. మా అక్క కట్టిన కట్టలు ఎప్పుడూ తక్కువే, లేకపోతే ఎక్కువే, లేకపోతే ముడి జారేది. నా కట్టలు వచ్చినవి వచ్చినట్టు పక్కన పెట్టేది. నా చేతులు అంత వడిగా తిరిగేవి. పక్కింటి వాళ్లు వచ్చి నిలబడి చూసేవారు. "ఈ పిల్ల చెయ్యి చూడు, మిడతలెక్క దుంకుతది," అనేవారు. ఆ మాట వినడానికే నేను ఇంకా వడిగా కట్టేదాన్ని.

ఆ ఎండల్లోనే కొంటా ఆశ్రమ పాఠశాల గురూజీ సైకిల్ మీద వచ్చాడు. ఆడపిల్లల హాస్టల్ పెట్టారట, తిండి, బట్ట, పుస్తకం అన్నీ వాళ్లే ఇస్తారట, ఇంటికి ఒక పిల్లనైనా పంపమన్నాడు. నాన్న అవ్వ వైపు చూశాడు. మా ఇంట్లో విత్తనాలు ఎప్పుడు చల్లాలో, ఎవరు ఏ పనికి పోవాలో అవ్వే చెప్పేది. అవ్వ చుట్ట పక్కన పెట్టి, మా ఇద్దరి చేతులూ చూసింది. పని ఆపకుండా కడుతూనే ఉన్నాం.

"పెద్దదాన్ని తోల్కపో గురూజీ. దానిది మొద్దు చెయ్యి, ఇంట్ల ఉండి ఏం చేస్తది? సురుకు చెయ్యి దాన్ని నేను ఇడువ."

అంతే. అక్క ఏడ్చింది, పోనని. నేను ఏడవలేదు. అవ్వ నన్ను మెచ్చుకుందనుకున్నాను. చాలా రోజుల వరకూ అలాగే అనుకున్నాను.

కొంటా అంగడిలో పెట్టె కొన్న రోజున నాకు కొంచెం తెలిసింది. హాస్టల్‌కు పెట్టె కావాలి. రేకు పెట్టెలు వరసగా పేర్చిన దుకాణం ముందు మా నాన్న గొంతుక్కూర్చుని ఒక్కో పెట్టెను వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు, కుండను చూసినట్టు. ఎత్తి బరువు చూశాడు. తేలికగా ఉన్నవాటిని పక్కకు నెట్టాడు. చివరికి ఎర్ర పువ్వు పెట్టె దగ్గర ఆగాడు. దుకాణం అతను, "అనుమానముంటే పిల్లను ఎక్కించి చూడు బావా, మూత వంగితే పైసలియ్యకు," అన్నాడు. అక్క కొత్త లంగా కట్టుకుని ఉంది, మాసిపోతుందని నాన్న నన్ను ఎక్కించాడు. నేను మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎండకు రేకు కాలుతోంది. అయినా దిగబుద్ధి కాలేదు. అంగడి అంతా నాకు కనిపిస్తోంది. పక్కన అక్క తలకు కొబ్బరినూనె రాసుకుని, రెండు జడలతో, ఇక ఇంటి పిల్ల కానట్టు నిలబడింది.

"గట్టిగున్నదా బిడ్డా?" అని నాన్న అడిగాడు.

"గట్టిగున్నది నాయినా," అన్నాను.

అప్పుడు నన్ను దించి, పెట్టెను అక్క చేతికి ఇచ్చారు.

అక్క సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పెట్టె మోసుకుని వచ్చేది. తాళంచెవి మెడలో నల్లదారానికి ఉండేది. మూత తెరవగానే సబ్బు వాసన, సిరా వాసన, కొత్త కాగితం వాసన ఒక్కసారిగా గుప్పుమనేవి. మా ఇంట్లో పొగ, పేడ, తునికాకు వాసనలే గాని అటువంటివి లేవు. నేను దగ్గరికి జరిగితే, "వాసన చూడు గాని ముట్టకే, నీ చేతులకు ఆకు మరక ఉంటది," అనేది. చెడ్డగా అనలేదు, పుస్తకం పాడైతే హాస్టల్లో తిడతారని దాని భయం. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు మాత్రం ముందుకు పెట్టేదాన్ని. అక్క హిందీ పాఠం రాగం తీసి చదివితే అవ్వ, "అదేం పాటే, వాన పడుతదా దానికి?" అని వెక్కిరించేది. అందరం నవ్వేవాళ్లం. అక్క వెళ్లిపోయాక నేను పశువుల కొట్టంలో ఆ రాగం ఒక్కటే తీసుకునేదాన్ని, మాటలు లేకుండా. తరువాత అక్క నర్సయింది, తెల్లబట్టలు కట్టింది, బచేలీలో ఇనుప గని కంపెనీ కాలనీ వాళ్లందరూ దాన్ని సిస్టర్ అని పిలిచేవారు. నా చేతులు తునికాకు నుంచి మిరప చేలకు, మిరప చేల నుంచి వడ్ల కుప్పలకు పోయాయి. ఎక్కడికి పోయినా మెచ్చుకున్నారు. కూలి పనిలో నన్ను మొదట పిలిచేవారు. మొద్దు చెయ్యి ఉంటే నా బతుకు ఎట్లా ఉండేదో అని మా అక్కను చూసినప్పుడల్లా అనుకునేదాన్ని.

ఇక భద్రాచలం సంగతి. కంప్యూటర్ కొనడానికి అక్కడికి బస్సులో పోయాం, నేను, వీరయ్య, సంధ్య. కంటి డాక్టరుకు చూపించుకోవాలని నేను బయలుదేరాను గానీ, చూడాలనే మంట కూడా ఉంది. దుకాణం లోపల చల్లగా, అద్దాలతో, నేల మీద అడుగు పెట్టడానికి మొహమాటంగా ఉంది. చెప్పులు విప్పబోతే సంధ్య చెయ్యి పట్టుకుని లాగింది. బల్లల మీద కంప్యూటర్లు తెరిచి పెట్టారు. ప్రతిదాని పక్కనా ఒక కాగితం అంటించారు, తెలుగులో: ముట్టరాదు. సంధ్య నేరుగా వెళ్లి ఒకదాని మీద చేతులు పెట్టింది.

"ముట్టొద్దని రాసున్నదే," అన్నాను.

"ఏడ?"

"నీ ముక్కు కింద."

ఆ పిల్ల కాగితం వైపు చూసి, నా వైపు చూసి నాలుక కరుచుకుంది. నిజం చెప్పాలంటే ఆ పూటంతా నాకు దక్కిన సంతోషం అదొక్కటే. కానీ దుకాణం ఆయన పరుగున వచ్చి, "పర్లేదు పాపా, మీరు కొనడానికే కదా వచ్చారు, టైపు కొట్టి చూడండి," అన్నాడు. సంధ్య కొట్టింది. సుక్మాలో హాస్టల్లో చదివేటప్పుడు నేర్చుకుందట. నేను అంతకుముందు చూడలేదు. పది వేళ్లూ ఒకేసారి లేచి పడుతున్నాయి. కళ్లు తెర మీద ఉన్నాయి, వేళ్లను చూడటం లేదు. చిటికెన వేలు మాత్రం కొంచెం బయటికి వంగి, మిగతావాటి కన్నా ముందు పరుగెత్తుతోంది.

దుకాణం ఆయన మా అబ్బాయితో, "ఈ పాప చెయ్యి చూడండి సార్. ఇంత చురుకు చెయ్యి ఉంటే ఆ చదువులో ఎక్కడికో పోతుంది," అన్నాడు.

నేను నా చిటికెన వేలు చూసుకున్నాను. అదే వంపు. ఆకు చివర మడిచి నార లాగేటప్పుడు అది అట్లాగే బయటికి నిలిచేది. ఆ చెయ్యి నాది. నన్ను వాకిట్లో కూర్చోబెట్టిన చెయ్యే ఈ పిల్లను జగదల్‌పూర్ పంపుతోంది. మా అక్క మీద కుళ్లుకున్నప్పుడు కనీసం, దాని దగ్గర లేనిది నా దగ్గర ఉందని ఒక మాట ఉండేది. ఈ పిల్ల మీద కుళ్లుకోవడానికి ఆ మాట కూడా లేదు. నా దగ్గర ఉన్నది దాని దగ్గర ఉంది, నాకు లేనిదీ దానికే ఉంది. అవ్వ బతికి ఉంటే ఈ పిల్లనూ ఇడువ అని పట్టుకునేది. అవ్వ లేదు. అవ్వ స్థానంలో ఉన్నది నేను.

మా అబ్బాయి పెద్ద కంప్యూటర్ పెట్టెను రెండు చేతులతో ఎత్తి చూశాడు. ముఖం వెలిగింది. తరువాత ఒళ్లో పెట్టుకునేదాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. "ఇది అట్టముక్క లెక్కున్నది," అన్నాడు. సంధ్య పదిహేను రోజులు వాదించి అలిసిపోయింది. మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ మొదటి సంది పెద్దదే అంటున్నది. అమ్మ మాట నేను తీసెయ్య," అన్నాడు వీరయ్య. అంటూనే మనసులో ఏదో తొలిచినట్టుంది, ఆ చిన్నదాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే చూడమ్మా. గట్టిగున్నదా?"

వాడికి ఆ అంగడి సంగతి తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఒళ్లో అది పలక కన్నా కొంచెం బరువుగా ఉంది, ఎండకు కాలిన రేకులా కాదు, కొంచెం గోరువెచ్చగా ఉంది. బరువైనది కొనమని ఒక్క మాట అంటే చాలు. సంధ్య నన్ను బతిమాలుతూ చూడలేదు, కోపంగానూ చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మాత్రం ఊరికే ఉండలేక లంగా అంచును మడుస్తూ, విప్పుతూ ఉంది.

"గట్టిగున్నది. ఇదే తీసుకో," అన్నాను. "ఎత్తుకపోయేదే కావాలె. ఇంట్ల కూసున్నదానికి ఎంత బరువుంటే ఏంది?"

మా అబ్బాయి ఆశ్చర్యపోయి, "నువ్వే కదమ్మా పెద్దదన్నది," అన్నాడు. "అన్న. కళ్లు కనపడక అన్న," అన్నాను. సంధ్య వచ్చి నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. ముఖం అటు తిప్పుకున్నాను. సంతోషంతో కాదు. మంట అట్లాగే ఉంది, దాన్ని ఆ పిల్ల చూడకూడదని. తిరుగు బస్సులో అది కిటికీకి తల ఆనించి నిద్రపోతే కంప్యూటర్ పెట్టె నా ఒళ్లోకి వచ్చింది. చింతూరు దాటి కొంటా దాకా నేనే పట్టుకుని కూర్చున్నాను. అడిగితే ఇద్దును గానీ, ఎవరూ అడగలేదు.

మరునాడు పొద్దున అందరికన్నా ముందు లేచి, ముఖం కడుక్కుని, చేతులు సబ్బుతో రెండుసార్లు తోమాను. మంచం కింద నుంచి అక్క రేకు పెట్టెను బయటికి లాగి, దాని మీద కంప్యూటర్ పెట్టి, ముందు చాప వేసుకున్నాను. సంధ్య కళ్లు నులుముకుంటూ వచ్చి, ఏందిది అంది. "తెలుగు తెప్పియ్," అన్నాను. ఏదో నొక్కితే తెర మీద అక్షరాల వరుసలు వచ్చాయి. ఏ అక్షరం ఏదో ఆ పిల్లకు తెలియదు, ఏ మీట ఎక్కడుందో నాకు తెలియదు. నేను తెర మీద అక్షరం చూపిస్తే అది కింద మీట చూపించింది. నా వేలు ఒకదాని మీద పడబోయి రెండింటి మీద పడింది. మళ్లీ పడింది. తునికాకు ముందు మిడతలా దుంకిన వేళ్లు అక్కడ కొయ్యముక్కల్లా నిలబడ్డాయి.

సంధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నానమ్మా, నీది మస్తు మొద్దు చెయ్యే."

"మా ఇంట్ల మొద్దు చెయ్యి దాన్నే బడికి పంపుతరే," అన్నాను. "నవ్వింది చాలుగని, ఇంకోసారి చూపియ్."